సంకెళ్ల సరుకు

1787లో థామస్ క్లార్క్‌సన్ అనే ఇరవై ఏడేళ్ల ఇంగ్లిష్ యువకుడు లివర్‌పూల్ రేవులో తిరుగుతున్నాడు. ఆఫ్రికా నుంచి మనుషుల్ని పట్టుకెళ్లి అమ్మే ఓడల గురించి సాక్ష్యాలు పోగుచేయడం ఆయన పని. నావికులు, వైద్యులు, గుమాస్తాలు ఏం చెప్పినా రాసుకునేవాడు. అలా తిరుగుతూ ఒక రోజు ఒక దుకాణం ముందు ఆగిపోయాడు. కిటికీలో, వచ్చేపోయేవాళ్లకు కనిపించేలా, బానిస ఓడలకు కావలసిన ఇనప సామాను అమ్మకానికి పెట్టి ఉంది. లోపలికెళ్లి డబ్బిచ్చి కొన్నాడు: చేతి బేడీలు, కాళ్ల సంకెళ్లు, బొటనవేళ్లు నొక్కే మర, నోరు తెరిపించే ఒక సాధనం.

ఆ మర ఎలా పనిచేస్తుందో తర్వాత తన పుస్తకంలో ఆయన వివరంగా రాశాడు. దానికి రెండు గుండ్రటి కంతలుంటాయి. బొటనవేళ్లను వాటిలోకి దూర్చి తాళంచెవి తిప్పితే కింది కమ్మి పైకి జరిగి వేళ్లను నొక్కుతుంది. ఇంకా తిప్పితే గోళ్ల కొసల నుంచి రక్తం చిమ్ముతుంది. ఆపై తాళంచెవి తీసుకుని వెళ్లిపోతే చాలు, ఆ మనిషి అలాగే పడి ఉంటాడు. తనంతట తాను విడిపించుకోలేడు, పక్కవాడూ విడిపించలేడు.

నాలుగోది వైద్యుల సాధనం. ధనుర్వాతంతో దవడలు బిగిసిపోయిన రోగి నోరు తెరవడానికి వాడేది. అది ఈ సామాను మధ్యకు ఎందుకొచ్చిందని క్లార్క్‌సన్ అడిగాడు. ఓడలో ఎక్కించినవాళ్లు తిండి మానేసి చచ్చిపోదామని నోరు బిగబట్టుకుంటారు, వాళ్లు చస్తే పెట్టుబడి పెట్టినవాళ్లకు నష్టం, అందుకే ఇది అని దుకాణదారు చెప్పాడు. రోగి ప్రాణం నిలపడానికి చేసిన వస్తువు, తిండి మానడమనే చివరి హక్కును కూడా మనిషి దగ్గర లాక్కోవడానికి పనికొచ్చిందన్నమాట. ఈ రోజు ఎగుమతి అధికారులు ‘ద్వంద్వ వినియోగ సామగ్రి’ అని పిలిచేది ఇలాంటి వస్తువునే. దాన్ని ఎవరికి అమ్మవచ్చు, ఎవరికి అమ్మకూడదు అన్న ప్రశ్న చట్టాల్లోకి ఎక్కడానికి ఆ తర్వాత రెండు వందల ఏళ్లు పట్టింది.

బ్రిటన్ 1807లో బానిస వ్యాపారాన్ని నిషేధించింది. సంకెళ్ల వ్యాపారాన్ని మాత్రం ఎవరూ నిషేధించలేదు. ‘వెయ్యి వృత్తుల నగరం’ అని పేరున్న బర్మింగ్‌హాంలో సూదులూ గుండీలూ తుపాకులూ చేసే వీధుల మధ్యే బేడీలు చేసే కార్ఖానాలూ ఉండేవి. వాటిలో 1780లో మొదలైన హయాట్ సంస్థ పేరు ఎక్కువగా వినిపిస్తుంది. బ్రిటిష్ పోలీసుల చేతి బేడీలంటే చాలా కాలం ఆ సంస్థవే. దాని సరుకు సామ్రాజ్యం నలుమూలలకూ వెళ్లేది. ఇనప వస్తువుగా అది మంచి పనితనమే. ఏ దేశంలో, ఎవరి కాళ్లకు పడుతుందన్నది మాత్రం బిల్లులో రాసే విషయం కాదు.

1980ల మొదట్లో పత్రికలు ఈ వ్యాపారం మీద దృష్టి పెట్టాయి. బ్రిటన్ జైళ్లలో వాడకం మానేసిన కాళ్ల సంకెళ్లు బ్రిటన్‌లోనే తయారై పరాయి దేశాల జైళ్లకు వెళ్తున్నాయన్న సంగతి జనాన్ని కలవరపెట్టింది. 1984 నుంచి కాళ్ల సంకెళ్లు, వరసగా మనుషుల్ని కట్టే గొలుసుల ఎగుమతికి అడ్డుకట్ట పడింది. ఆ అడ్డుకట్టకు పక్కదారి కూడా త్వరలోనే దొరికింది. చేతికి మరీ వదులై, చీలమండకు సరిగ్గా సరిపోయే పెద్ద సైజు ‘చేతి బేడీలు’ ఎగుమతి కావడం మొదలైంది. సముద్రం దాటాక పొడవాటి గొలుసు తగిలిస్తే అవే కాళ్ల సంకెళ్లు. పట్టికలో వస్తువు పేరు రాస్తే సరిపోదని, దాని కొలతలు కూడా రాయాలని నియంత్రణాధికారులకు అప్పుడు అర్థమైంది.

హయాట్ సంస్థ కథ ఇంకా కొంత ఉంది. గ్వాంటనామో జైలు నుంచి 2005లో బయటపడ్డవాళ్లలో మొజ్జాం బెగ్ అనే బర్మింగ్‌హాం వాసి ఉన్నాడు. తనకు వేసిన బేడీల మీద ఇంగ్లండులో తయారైనట్టు ముద్ర ఉందని ఆయన చెప్పాడు. అదే ఏడాది మానవ హక్కుల కార్యకర్తలు కార్ఖానా ముందు నిరసనకు దిగారు. 2008లో బర్మింగ్‌హాం కార్ఖానా మూతపడింది.

ఇనుము సంగతి ఇలా నడుస్తుండగానే చిత్రహింసల గదిలోకి కరెంటు వచ్చింది. అది రావడానికి కారణం స్పష్టం: కమిలిన చర్మం, విరిగిన ఎముక కోర్టులో సాక్ష్యం చెబుతాయి, కరెంటు దెబ్బ చాలాసార్లు ఏ మచ్చా మిగల్చదు. 1930లలో బ్వేనస్ ఎయిర్స్ పోలీసులు పశువుల్ని తోలే కరెంటు ముల్లుగర్రను మనుషుల మీద వాడారు. దాన్ని పోలీసు గదికి తెచ్చినవాడిగా లియోపోల్డో లుగోనెస్ అనే అధికారి పేరు చరిత్రలో నిలిచిపోయింది. దేశం గర్వించే కవికి ఆయన కొడుకు. అల్జీరియా యుద్ధంలో ఫ్రెంచి సైనికులు యుద్ధభూమిలో వాడే టెలిఫోన్ డైనమోను, చేత్తో తిప్పితే కరెంటు పుట్టే ఆ చిన్న పెట్టెను, ఖైదీల ఒంటికి తగిలించారు. అలా హింసకు గురైన పత్రికా సంపాదకుడు ఆన్రీ అలెగ్ తన అనుభవాన్ని 1958లో పుస్తకంగా తెస్తే ఫ్రెంచి ప్రభుత్వం దాన్ని జప్తు చేసింది. 1960లలో అలబామాలో పౌరహక్కుల కోసం నడిచినవాళ్ల మీద కూడా పోలీసులు పశువుల కరెంటు కర్రనే వాడారు.

ఇవన్నీ వేరే పనికి చేసినవి, పోలీసులు తమ పనికి మళ్లించుకున్నవి. 1970ల నుంచి మాత్రం సంగతి మారింది. మనిషి ఒంటికి షాక్ కొట్టడానికే చేసిన లాఠీలు, డాళ్లు, నడుముకు కట్టే బెల్టులు కర్మాగారాల్లో తయారై, రంగుల క్యాటలాగుల్లో అచ్చయి, ఆయుధ ప్రదర్శనల్లో అమ్ముడయ్యాయి. బెల్టు సంగతి వింటేనే ఒళ్లు గగుర్పొడుస్తుంది. ఖైదీ దాన్ని బట్టల కింద కట్టుకుని కోర్టులో కూర్చుంటాడు. దూరంగా ఉన్న అధికారి రిమోట్ మీట నొక్కితే 50,000 వోల్టుల షాక్ ఎనిమిది సెకన్ల పాటు తగులుతుంది. మీట నొక్కకపోయినా, నొక్కుతారేమోనన్న భయంతోనే ఆ మనిషి రోజంతా గడుపుతాడు. అమెరికాలో ఇది చట్టబద్ధంగా వాడుకలో ఉంది.

కరెంటు లాఠీ ఏం చేస్తుందో ప్రపంచానికి చూపించినవాళ్లలో పాల్దెన్ గ్యాట్సో అనే టిబెట్ బౌద్ధ భిక్షువు ముఖ్యుడు. 33 ఏళ్లు చైనా జైళ్లలో, శ్రమ శిబిరాల్లో గడిపిన మనిషి. 1990లో ఒక జైలు అధికారి ఆయన నోట్లో కరెంటు లాఠీ గుచ్చాడు. స్పృహ తప్పి, తిరిగి వచ్చేసరికి పళ్లు ఊడిపోయి ఉన్నాయి. 1992లో విడుదలయ్యాక ఆయన ధర్మశాలకు పారిపోయి వచ్చాడు. వస్తూ వస్తూ లంచమిచ్చి సంపాదించిన కరెంటు లాఠీలు, బొటనవేలి బేడీలు, కత్తులు వెంట తెచ్చుకున్నాడు. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల సమావేశంలోనూ, పశ్చిమ దేశాల సభల్లోనూ వాటిని బల్ల మీద పరిచి చూపించాడు. మాటలతో చెబితే నమ్మనివాళ్లు కూడా వస్తువును చూశాక కాదనలేకపోయారు. దాన్ని ఎవరు చేశారు, ఎవరు అమ్మారు అన్న ప్రశ్న సహజంగానే వచ్చింది.

ఆ ప్రశ్న వెంట పడి తిరిగినవాళ్లు పెద్ద పెద్ద సంస్థలవాళ్లేమీ కాదు. మాంచెస్టర్‌లో 1990లో మొదలైన ఒమెగా రిసెర్చ్ ఫౌండేషన్ చేసిన పని చూస్తే విసుగు పుట్టించే గుమాస్తా పనిలా ఉంటుంది: క్యాటలాగులు సేకరించడం, ప్రదర్శనల్లో స్టాళ్ల ఫొటోలు తీయడం, లైసెన్సు రికార్డులు సరిచూడడం. ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ ఆ సమాచారాన్ని నివేదికలుగా లోకం ముందు పెట్టింది. 1995 జనవరిలో బ్రిటన్ ఛానల్ 4లో మార్టిన్ గ్రెగరీ తీసిన కార్యక్రమం వచ్చింది. కొనుగోలుదారుల వేషంలో వెళ్లిన పాత్రికేయులకు కరెంటు లాఠీలు అమ్ముతామని బ్రిటిష్ వ్యాపారులే ముందుకొచ్చిన దృశ్యాలు అందులో ఉన్నాయి. ఆ లాఠీలు బ్రిటన్‌లో దగ్గర ఉంచుకోవడమే నేరం. ఇంట్లో నిషిద్ధమైనది బయటివాళ్లకు అమ్మడానికి పనికొచ్చింది. 1997లో ప్రభుత్వం మారింది. కొత్త విదేశాంగ మంత్రి రాబిన్ కుక్ జులైలో ఒక ప్రకటన చేశాడు: కరెంటు షాక్ ఆయుధాలు, కాళ్ల సంకెళ్లు, గొలుసులు, పెద్ద సైజు బేడీలు ఇక ఎవరికీ ఎగుమతి కావు.

ఒక్క బ్రిటన్ ఆపితే వ్యాపారం పక్క దేశానికి వెళ్తుంది. 2001లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిషన్ ఈ సామగ్రి తయారీనీ వ్యాపారాన్నీ ఆపాలని దేశాలను కోరింది. చిత్రహింసలపై ప్రత్యేక ప్రతినిధిగా ఉన్న డచ్ న్యాయకోవిదుడు థియో వాన్ బోవెన్ దానిపై అధ్యయనం చేశాడు. చివరికి యూరోపియన్ యూనియన్ 2005 జూన్ 27న 1236వ నంబరు నిబంధనను ఆమోదించింది. అది 2006 జులై 30 నుంచి అమల్లోకి వచ్చింది. చిత్రహింసల సామగ్రి వ్యాపారాన్ని అనేక దేశాల్లో ఒకేసారి కట్టడి చేసిన మొదటి చట్టం అది.

దానికి రెండు పట్టికలు. ఒకదానిలో ఉన్నవి అసలే అమ్మకూడనివి: ఉరికంబాలు, గిలొటిన్లు, కరెంటు కుర్చీలు, విషవాయువు గదులు, విషపు ఇంజెక్షన్ యంత్రాలు, షాక్ బెల్టులు. రెండోదానిలోవి లైసెన్సుతో మాత్రమే పంపవలసినవి. ఉరికంబాన్ని కూడా చట్టంలో రాయాలా అని అప్పట్లో ఎవరికైనా అనిపించి ఉంటే, జవాబు 2006 మే నెలలోనే దొరికింది. ఇంగ్లండులోని సఫోక్ ప్రాంతానికి చెందిన ఒక రైతు తాను ఉరికంబాలు తయారుచేసి ఆఫ్రికా దేశాలకు అమ్ముతున్నానని పత్రికలకు చెప్పాడు. ఆ రోజుకు అది నేరం కాదు. నిబంధన అమల్లోకి రావడానికి ఇంకా రెండు నెలలుంది.

చట్టంలో కంతలు ఎక్కడున్నాయో చూపించింది బడి పిల్లలు. అదే ఏడాది ఏప్రిల్‌లో మార్క్ థామస్ అనే హాస్య నటుడు, ఆయుధ వ్యాపారం మీద ఏళ్ల తరబడి పనిచేసినవాడు, ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని ఒక బడి విద్యార్థులతో కలిసి ప్రయోగం చేశాడు. పిల్లలు బడిలోనే ఒక చిన్న ఆయుధ వ్యాపార సంస్థ పెట్టారు. ముళ్లు తేలిన ఇనప లాఠీల వంటివాటిని విదేశాల నుంచి బేరమాడగలిగారు. సరుకు బ్రిటన్ గడ్డ తొక్కకుండా ఒక పరాయి దేశం నుంచి మరో పరాయి దేశానికి పోతే, మధ్యలో ఉన్న దళారిని పట్టుకునే నియమం చాలా వస్తువుల విషయంలో లేదు. ఈ సంగతి టీవీలో వచ్చింది, పార్లమెంటు కమిటీ దాకా వెళ్లింది. 2008లో ముళ్ల లాఠీలను బ్రిటన్ దళారీ నిషేధంలో చేర్చింది. పదహారు, పదిహేడేళ్ల పిల్లలు ఒక దేశపు వాణిజ్య చట్టంలో ఒక వాక్యం మార్పించారంటే అది చిన్న విషయం కాదు.

ఆ తర్వాత పట్టిక పెరిగిన తీరంతా ఇలాంటిదే. ఎవరో ఒక కంత చూపిస్తారు, అధికారులు ఆ కంత పూడుస్తారు. 2005 నియమంలో కరెంటు పరికరాలకు 10,000 వోల్టుల హద్దు ఉండేది. 2011లో ఆ అంకె తీసేశారు. కడ్డీ లేదా బరువు బిగించిన కాళ్ల సంకెళ్లు, బొటనవేలి బేడీలు, మనిషిని కట్టిపడేసే లోహపు కుర్చీలు మొదట్లో లైసెన్సు పట్టికలోనే ఉండేవి లేదా ఎక్కడా లేవు. 2014లో అవి నిషేధపు పట్టికకెక్కాయి. మామూలు బేడీ ఏదన్నది కూడా మిల్లీమీటర్లలో తేల్చారు: తాళం వేసినప్పుడు ఒక కడియం బయటి అంచు నుంచి రెండో కడియం బయటి అంచు దాకా గొలుసుతో కలిపి 280 మిల్లీమీటర్లు మించకూడదు, కడియం లోపలి చుట్టుకొలత 165 దాటకూడదు. ఈ అంకెల వెనక చీలమండకు సరిపోయే ఆ పెద్ద సైజు బేడీల చరిత్ర ఉంది.

మందుల కథ వేరే దారిలో వచ్చింది, అందులో మన దేశానికీ పాత్ర ఉంది. అమెరికాలో మరణశిక్ష ఇంజెక్షన్‌కు సోడియం థయోపెంటాల్ అనే మత్తుమందు వాడేవారు. అది ఆపరేషన్ థియేటర్లలో దశాబ్దాలుగా రోగుల్ని నిద్రపుచ్చిన మందు. అమెరికాలో దాన్ని చేసే ఒకే ఒక సంస్థ ఉత్పత్తి ఆగిపోయింది. ఇటలీలోని కర్మాగారంలో మళ్లీ మొదలుపెడదామంటే, అది మరణశిక్షలకు వెళ్లకూడదని ఇటలీ పట్టుబట్టింది. 2011 జనవరిలో ఆ సంస్థ మందు తయారీయే వదులుకుంది. ఈలోగా అమెరికా జైళ్లు వేరే చోట వెతుక్కున్నాయి. పశ్చిమ లండన్‌లో డ్రైవింగ్ స్కూలు నడిచే భవనం వెనక గదిలో ఉన్న ఒక చిన్న మందుల వ్యాపారి దగ్గర సరుకు దొరికింది. 2010 అక్టోబరులో అరిజోనాలో ఒక ఖైదీకి ఆ మందుతోనే శిక్ష అమలు చేశారు.

రిప్రీవ్ అనే లండన్ న్యాయ సహాయ సంస్థ కోర్టుకెళ్లింది. వాణిజ్య మంత్రి విన్స్ కేబుల్ మొదట కాదన్నాడు, నవంబరు చివర్లో ఎగుమతి నియంత్రణ విధించాడు. 2011 డిసెంబరులో యూరోపియన్ యూనియన్ కూడా ఆ మత్తుమందులను తన పట్టికలో చేర్చింది. డెన్మార్క్‌కు చెందిన లుండ్‌బెక్ అంతకుముందే, 2011 జులైలో, తన పెంటోబార్బిటాల్ జైళ్లకు చేరకుండా పంపిణీ పద్ధతి మార్చుకుంది. మందు ఆసుపత్రులకు వెళ్లడం ఆగలేదు, మరణశిక్ష గదికి వెళ్లే దారి ఒక్కటే మూసుకుంది. చిత్రహింసల సామగ్రి నియంత్రణ అంటే వ్యాపారానికి అడ్డంకి అని గొణిగేవాళ్లకు ఇంతకంటే మంచి జవాబు లేదు.

బ్రిటన్ దారి మూసుకుపోయాక చూపు భారత్ వైపు మళ్లింది. ముంబైలోని ఒక ఔషధ సంస్థ 500 గ్రాముల థయోపెంటాల్‌ను నెబ్రాస్కా జైళ్ల శాఖకు అమ్మింది. సంగతి తెలిసి గొడవయ్యాక, 2011 ఏప్రిల్‌లో, మరణశిక్షల కోసం ఇక అమ్మబోమని ఆ సంస్థ ప్రకటించింది. తర్వాత కోల్‌కతా దళారి ఒకరు రంగంలోకి దిగాడు. 2015లో నెబ్రాస్కా అతనికి 54,400 డాలర్లు చెల్లించింది, మందు మాత్రం చేరలేదు. భారత్ నుంచి టెక్సాస్, అరిజోనాలకు వెళ్లిన సరుకును అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ విమానాశ్రయాల్లోనే పట్టేసింది. అడ్డుకున్నది అమెరికా దిగుమతి చట్టం. మన వైపు నుంచి ఆ సరుకును ఆపిన ఎగుమతి నియమం ఏదీ లేదు.

మన నేల మీద ఈ విషయం కొత్తదా అంటే కాదు. 1854లో మద్రాసు ప్రెసిడెన్సీలో పన్ను వసూళ్లకూ పోలీసు విచారణలకూ రైతుల్ని హింసిస్తున్నారని బ్రిటిష్ పార్లమెంటులో దుమారం రేగితే, ఇలియట్, స్టోక్స్, నార్టన్ అనే ముగ్గురితో విచారణ సంఘం వేశారు. నెల్లూరు, గుంటూరు, కడప, రాజమండ్రి ఆ ప్రెసిడెన్సీలోనివే. సంఘం ముందుకు 1,900కు పైగా ఫిర్యాదులొచ్చాయి. 1855 నివేదికలో కిట్టి అనే సాధనం వర్ణన ఉంది: ఒక కొస కలిపి కట్టిన రెండు కర్రలు, మధ్యలో వేళ్లు పెట్టి నిమ్మచెక్క పిండినట్టు పిండడం. వంచిన మనిషి మెడను కాలి బొటనవేలికి తాడుతో కట్టి ఎండలో నిలబెట్టడం మరో పద్ధతి. కిట్టిని ఊరి వడ్రంగి చేయగలడు, తాడు ప్రతి ఇంట్లో ఉంటుంది. ఎగుమతి పట్టిక ఎంత పొడవైనా వీటిని అందుకోలేదు. నీళ్ల బక్కెట్టునీ ప్లాస్టిక్ సంచినీ కూడా అందుకోలేదు. వాటిని ఆపవలసింది దేశంలోని చట్టం.

ఆ చట్టం మన దగ్గర రాలేదు. చిత్రహింసల వ్యతిరేక అంతర్జాతీయ ఒప్పందంపై భారత్ 1997 అక్టోబరులో సంతకం చేసింది, ధ్రువీకరించలేదు. 2010 మేలో లోక్‌సభ చిత్రహింసల నిరోధక బిల్లును ఆమోదించింది. రాజ్యసభ సెలెక్ట్ కమిటీ దాన్ని గట్టిపరచాలని సూచించింది. 2014లో లోక్‌సభ గడువు తీరడంతో బిల్లు మురిగిపోయింది. 2017లో లా కమిషన్ తన 273వ నివేదికలో కొత్త ముసాయిదా ఇచ్చినా ప్రభుత్వం దాన్ని బిల్లుగా తేలేదు. ఇంట్లోనే ప్రత్యేక నేరంగా రాసుకోని పనికి పనిముట్లు పంపవద్దని పక్కవాడికి చెప్పడం కష్టం. లాకప్ మరణాల వార్తలు చదివే ఏ తెలుగు పాఠకుడికీ ఈ ఆలస్యం మామూలు విషయంగా అనిపించకూడదు.

యూరప్ పట్టిక 2016లో మరో మెట్టెక్కింది. నిషిద్ధ వస్తువులకు దళారీగా ఉండడం, వాడకం నేర్పడం, ప్రదర్శనలో పెట్టడం, ప్రకటన ఇవ్వడం కూడా నిషేధమయ్యాయి. ప్రదర్శన సంగతి ఎందుకంటే, 2013 సెప్టెంబరులో లండన్‌లో జరిగిన పెద్ద ఆయుధ ప్రదర్శనలో రెండు విదేశీ సంస్థలు కాళ్ల సంకెళ్లు, షాక్ లాఠీల ప్రచార పత్రాలు పంచుతున్నాయి. ఎంపీ కరొలైన్ లూకస్ పార్లమెంటులో లేవనెత్తాక వాటిని బయటికి పంపించారు. సరుకు తాకకుండా బొమ్మ చూపించి ఆర్డరు రాసుకునే వ్యాపారానికి మూత వేయాలంటే ప్రకటనను కూడా పట్టుకోవాలి.

2017 సెప్టెంబరులో యూరోపియన్ యూనియన్, అర్జెంటీనా, మంగోలియా కలిసి న్యూయార్క్‌లో చిత్రహింస రహిత వాణిజ్య కూటమిని ప్రారంభించాయి. 1930లలో పశువుల కర్ర మనుషుల మీద పడిన దేశం ఈ కూటమికి ముందు నిలవడం గమనించదగ్గది. 2019 జూన్ 28న ఐరాస సర్వసభ్య సభ ఉమ్మడి ప్రమాణాల సాధ్యతను పరిశీలించాలని తీర్మానించింది. అనుకూలంగా 81, వ్యతిరేకంగా 20, తటస్థంగా 44 ఓట్లు. 2023 అక్టోబరులో చిత్రహింసలపై ప్రత్యేక ప్రతినిధి ఆలిస్ జిల్ ఎడ్వర్డ్స్ ఇచ్చిన నివేదిక ఈ తరహా సామగ్రిని చేసే, ప్రచారం చేసే సంస్థలు 54 దేశాల్లో 335కు పైగా ఉన్నాయని లెక్క చెప్పింది. ఒప్పందానికి రెండు పట్టికలు కూడా ఆమె రాసిచ్చింది: ఒకటి పూర్తిగా నిషేధించవలసినవాటికి, రెండోది కళ్లెం వేయవలసినవాటికి. మొదటి పట్టిక మీద పెద్దగా పేచీ లేదు. తగవంతా రెండోదాని మీదే. బాష్పవాయువు, రబ్బరు గుండ్లు, మామూలు లాఠీలు, మామూలు బేడీలు ప్రతి దేశపు పోలీసుల దగ్గరా ఉంటాయి, వాటిని అమ్మే సంస్థలూ ఎక్కువే. కొనేవాడి చేతుల్లో అవి ఏమవుతాయో అమ్మేవాడు ముందే విచారించాలా వద్దా అన్నదాని దగ్గర దేశాల మధ్య చర్చ నిలిచి ఉంది.